మాచు పిచ్చు, ఇంకాల కొండ ఊళ్లు: వెళ్లాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మానాన్న అమెరికాలో మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్లని వెంటబెట్టుకుని పెరూ వెళ్లొచ్చాను. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ మాచు పిచ్చు చూశారు, హాయిగా తిరిగొచ్చారు. అప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి అడుగుతున్నవన్నీ దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ముందుగా ఒక్కటే చెప్తాను: రోజులు మిగిల్చుకుని వెళ్లండి. అక్కడ డబ్బు తక్కువై ఇబ్బంది పడ్డవాళ్లకన్నా రోజులు తక్కువై ఇబ్బంది పడ్డవాళ్లే నాకు ఎక్కువమంది కనిపించారు.

మాచు పిచ్చు అంటే కోటా, గుడా, ఊరా?

మూడూ కొంచెం కొంచెం. 1450 ప్రాంతంలో, అప్పట్లో పెరూ కొండల్ని ఏలిన ఇంకాల చక్రవర్తి పచాకుతి కట్టించుకున్న విడిది అని పరిశోధకుల్లో ఎక్కువమంది అంటారు. రాజు బస చేసే ఇల్లు, గుళ్లు, పనివాళ్ల ఇళ్లు, మెట్ల పొలాలు అన్నీ ఒకే కొండ వీపు మీద ఉంటాయి. అటూ ఇటూ లోయ, కింద ఉరుబాంబా నది మెలిక తిరిగి పారుతుంటుంది. కట్టిన నూరేళ్లలోపే, స్పెయిన్ వాళ్లు వచ్చి సామ్రాజ్యం కూలిన రోజుల్లో, జనం దాన్ని వదిలి వెళ్లిపోయారు. స్పెయిన్ సేనలు ఇక్కడిదాకా రాలేదు. అందుకే ఇంకాల రాజధాని కుస్కోలో వాళ్ల గోడల మీద చర్చిలు లేచినట్టు ఇక్కడ లేవలేదు.

కెచువా భాషలో మాచు అంటే ముసలి, పిచ్చు అంటే శిఖరం. ఫోటోల్లో వెనక నిటారుగా కనిపించే కొండ వైనా పిచ్చు, అంటే పడుచు శిఖరం. స్థానికులు "పిక్చు" అని మధ్యలో క్‌ని పలుకుతారు. మన వార్తల్లో వచ్చే పలుకుబడినే నేనూ వాడుతున్నాను. ఇంకొక చిన్న గమనిక: "ఇంకా" అనే మాటకి తెలుగులో వేరే అర్థం ఉంది కాబట్టి ఆ ప్రజల గురించి చెప్పేటప్పుడు వీలైనంతవరకు "ఇంకాలు" అని రాస్తాను.

దాన్ని హిరామ్ బింగమ్ కనిపెట్టాడు కదా?

బయటి ప్రపంచానికి చాటింది ఆ అమెరికా అధ్యాపకుడే. 1911 జులై 24న ఆయన్ని కొండ ఎక్కించింది మెల్చోర్ ఆర్తెయాగా అనే స్థానిక రైతు. పైకి వెళ్లేసరికి అక్కడ రైతు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, పాత మెట్ల పొలాల్లో పంట పండించుకుంటున్నాయి. ఒక చిన్న పిల్లవాడు బింగమ్‌ని శిథిలాల మధ్య తిప్పి చూపించాడు. అంతకుముందే 1902లో కుస్కో ప్రాంతానికి చెందిన ఆగుస్తిన్ లిసార్రగా అక్కడికి వచ్చి గోడ మీద తన పేరు రాసి వెళ్లాడు. అందుకని "కనిపెట్టాడు" అనే మాట నాకు నచ్చదు. బింగమ్ తవ్వించి అమెరికాకి పట్టుకెళ్లిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయంలో దాదాపు వందేళ్లు ఉండిపోయాయి. పెరూ పట్టుబట్టి అడిగితే 2011, 2012లో తిరిగొచ్చాయి. ఇప్పుడు కుస్కోలో కాసా కోంచా మ్యూజియంలో ఉన్నాయి. మాచు పిచ్చుకి వెళ్లే ముందు దాన్ని చూస్తే, పైన ఖాళీగా కనిపించే గదుల్లో కుండలు, పరికరాలు ఎక్కడెక్కడ ఉండేవో ఊహకి అందుతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా కావాలా?

మామూలుగా అయితే కావాలి. ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల వీసా కనీసం ఆరు నెలల గడువుతో చేతిలో ఉన్నా, ఆ దేశాల్లో శాశ్వత నివాస అనుమతి ఉన్నా, పర్యటనకి వెళ్లే భారతీయులకి విడిగా వీసా అక్కర్లేదు. మా అమ్మానాన్నలకి పదేళ్ల అమెరికా విజిటర్ వీసా ఉంది కాబట్టి దానిమీదే వెళ్లారు.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ అనుమతి పత్రం చెల్లుబాటులో ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు మాత్రం అయిపోయి ఉంటే పెరూ ప్రయాణం పెట్టుకోకండి. గడువు తీరిన స్టాంపుతో కెనడా, మెక్సికో వెళ్లి నెలలోపు తిరిగొచ్చే వెసులుబాటు ఉంది గానీ అది దక్షిణ అమెరికాకి వర్తించదు. కుస్కోలో కూర్చుని స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ కోసం వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. టికెట్లు కొనే ముందు నిబంధనలు మారాయేమో కాన్సులేట్‌లో ఒకసారి అడగండి.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. కుస్కో, మాచు పిచ్చుల వరకే వెళ్తే జబ్బు భయం పెద్దగా లేదు. అమెజాన్ అడవి వైపు కూడా వెళ్లేవాళ్లకి టీకా అవసరం. అసలు చిక్కు ఇంటికి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి ఆరు రోజుల్లోపు మన దేశంలో దిగేవాళ్ల దగ్గర టీకా పత్రం ఉండాలన్నది భారత ప్రభుత్వ నియమం. పెరూ ఆ జాబితాలో ఉంది. పత్రం లేకపోతే విమానాశ్రయంలోనే పక్కకి తీసి క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకి ఉంది.

టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే ఇస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ అలాంటిదే. ఒకసారి వేయించుకుంటే పత్రం జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లకి వేయాలా వద్దా అన్నది మీ డాక్టరే తేల్చాలి. మావాళ్లు పెరూ నుంచి అమెరికా వచ్చి నెల రోజులు మా దగ్గరే ఉన్నారు కాబట్టి మాకు ఆ అవసరం రాలేదు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే నుంచి సెప్టెంబరు వరకు ఎండ కాస్తుంది, వానలు తక్కువ. భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి జూన్, జులై అక్కడ చలికాలం. పగలు ఎండ చుర్రుమంటుంది, రాత్రి కుస్కోలో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి అనే సూర్యుడి పండగ చేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ వారం గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

జనవరి, ఫిబ్రవరి వద్దనే చెప్తాను. 2010 జనవరిలో ఉరుబాంబా పొంగి రైలు కట్ట కొట్టుకుపోయింది. వేలమంది యాత్రికులు మాచు పిచ్చు కొండ కింది ఊళ్లో చిక్కుకుపోతే హెలికాప్టర్లలో తరలించారు. నన్నడిగితే ఏప్రిల్ చివర గానీ మే మొదట్లో గానీ వెళ్లండి. వానలు అప్పుడే తగ్గి ఉంటాయి, కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, జనం తక్కువ.

ఎత్తు వల్ల ఊపిరాడదంటారు. నిజమేనా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నిజమే. కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ వెళ్లొచ్చినవాళ్లకి ఆ ఎత్తు అనుభవమే. ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందే దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే మాచు పిచ్చు కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కింద ఉంది, 2,430 మీటర్లే. ఇబ్బంది పెట్టేది కుస్కో.

అందుకని మేము చేసిన పని ఇది: లిమా నుంచి విమానంలో కుస్కోలో దిగి, ఊళ్లో ఆగకుండా కారెక్కి నేరుగా కిందికి, ఉరుబాంబా నది పారే లోయకి వెళ్లిపోయాం. దాన్ని పవిత్ర లోయ అంటారు. ఆ లోయలోని ఒయాంతైతాంబో అనే ఊరు 2,800 మీటర్ల లోపే ఉంటుంది. అక్కడ రెండు రాత్రులు ఉండి, తర్వాత మాచు పిచ్చు చూసి, కుస్కోని చివర్లో చూశాం. అప్పటికి ఒంటికి అలవాటైంది. అంతా కలిపి పెరూలో తొమ్మిది రోజులు. వారం కంటే తక్కువ పెట్టుకుంటే తిరిగిన అలసటే మిగులుతుంది.

మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడవడం, నీళ్లు బాగా తాగడం, రాత్రి తేలిగ్గా తినడం, మద్యం జోలికి పోకపోవడం. ఇంతే వైద్యం. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చేయకుండా కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లాలి. డయామాక్స్ మాత్ర చాలామంది వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, షుగరు, గుండె మందులు వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి తీరాలి.

కోకా టీ తాగొచ్చా?

పెరూలో తాగొచ్చు. ప్రతి హోటల్లో వేడినీళ్ల పక్కన ఆకులు పెట్టి ఉంచుతారు. ఆండీస్ కొండల జనానికి ఆ ఆకు తరతరాల అలవాటు, పూజల్లో కూడా వాడతారు. అయితే ఆకుల్ని గానీ టీ పొట్లాల్ని గానీ సూట్‌కేసులో వేసుకుని రావద్దు. అమెరికాలోనూ భారత్‌లోనూ అది నేరం. ఉద్యోగంలో డ్రగ్ పరీక్ష ఉన్నవాళ్లు అసలు తాగకపోవడమే మంచిది, పరీక్షలో బయటపడే అవకాశం ఉంది. మాకు మున్యా అనే కొండ పుదీనా లాంటి ఆకు టీ బాగా పనిచేసింది. అమ్మ రోజుకి మూడు కప్పులు తాగింది.

టికెట్ ఎక్కడ కొనాలి? ఈ సర్క్యూట్ల గొడవ ఏమిటి?

పెరూ సాంస్కృతిక శాఖ సొంత వెబ్‌సైట్‌లో కొనాలి. టికెట్ మీద తేదీ, గంట, దారి మూడూ రాసి ఉంటాయి. మూడింటిలో దేన్నీ తర్వాత మార్చుకోలేమన్న లెక్కలోనే కొనండి. రోజుకి 4,500 మందిని, రద్దీ తేదీల్లో 5,600 వరకు పంపిస్తారు. జూన్ నుంచి ఆగస్టు వరకు మంచి వేళలు నెలల ముందే అయిపోతాయి. విదేశీ పెద్దలకి మామూలు టికెట్ 152 సోల్‌లు, వైనా పిచ్చు ఎక్కాలంటే 200 ఉండేది. ఒక సోల్ మన డబ్బులో పాతిక రూపాయలకి అటూఇటూ.

2024 నుంచి లోపల మూడు సర్క్యూట్లు, వాటిలో పది దారులు చేశారు. టికెట్ కొనేటప్పుడే ఒకదాన్ని ఎంచుకోవాలి. ఒకటో సర్క్యూట్ పైపైన మెట్ల పొలాల మీదుగా తిప్పుతుంది. క్యాలెండర్లలో చూసే ఫోటో దొరుకుతుంది గానీ ఊరి మధ్యలోకి వెళ్లనివ్వరు. మూడోది కింది భాగాల్లో తిప్పుతుంది, మెట్లు తక్కువ, కానీ ఆ పై నుంచి కనిపించే దృశ్యం ఉండదు. వైనా పిచ్చు ఎక్కేవాళ్ల దారి కూడా మూడో సర్క్యూట్‌లోదే. రెండోదానిలో ఆ దృశ్యమూ ఉంది, ఊళ్లోకి నడకా ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని రెండోది తీసుకోండి. అది దొరకని తేదీ అయితే తేదీనే మార్చుకోండి, సర్క్యూట్‌ని కాదు.

ఆన్‌లైన్‌లో అయిపోతే కొండ కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌లో మరుసటి రోజుకి కొన్ని టికెట్లు నేరుగా అమ్ముతారు. పొద్దున్నే వరసలో నిలబడాలి. దారీ వేళా మనం కోరుకున్నవే దొరుకుతాయన్న నమ్మకం లేదు.

టికెట్ మీద పేరు ఎలా రాయాలి? మా ఇంటిపేరు పాస్‌పోర్టులో సరిగ్గా లేదు.

తెలుగువాళ్లం కాబట్టి ఇది మనకి ప్రత్యేకంగా తగిలే ప్రశ్న. స్పానిష్ దేశాల్లో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి. ఫారాల్లో రెండు గడులూ కనిపిస్తాయి. మీరు కంగారుపడి ఏదో ఒకటి నింపకండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే మొదటి గడిలో, పేరు దగ్గర ఏముందో అదే పేరు గడిలో, అక్షరం పొల్లు పోకుండా రాయండి. రైల్లో, కొండ గేటు దగ్గర, రెండు చోట్లా పాస్‌పోర్టు తీసి సరిచూస్తారు.

పేరు కంటే నంబరు ముఖ్యం. అమ్మ టికెట్ పాత పాస్‌పోర్టు నంబరుతో కొన్నాం, తర్వాత అది రెన్యువల్ అయింది. గేటు దగ్గర ఉద్యోగిని కొత్త పాస్‌పోర్టూ టికెట్టూ మార్చిమార్చి చూసి తల అడ్డంగా ఊపింది. అమెరికా వీసా పాత పాస్‌పోర్టులోనే ఉండిపోయింది కాబట్టి అమ్మ రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసి పట్టుకుంది. పాతది తీసి చూపించాక నవ్వి లోపలికి పంపింది. ఆ రబ్బరు బ్యాండు లేకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

కుస్కో నుంచి అక్కడికి ఎలా చేరాలి?

మాచు పిచ్చుకి మోటారు రోడ్డు నేరుగా లేదు. ఒయాంతైతాంబో దాకా కారు, అక్కడి నుంచి దాదాపు రెండు గంటల రైలు, ఆగ్వాస్ కాలియెంతెస్‌లో దిగి దాదాపు అరగంట బస్సు. పెరూ రైల్, ఇంకా రైల్ అని రెండు కంపెనీలు ఉన్నాయి. రైల్లో పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరు, వాటిని హోటల్లో వదిలి ఒక రాత్రికి సరిపడా చిన్న సంచీతో వెళ్లాలి. బస్సు దారి మన తిరుమల ఘాట్ రోడ్డులాగే మెలికలు తిరుగుతుంది, అంచున గోడ మాత్రం ఉండదు. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు పట్టుకోండి.

డబ్బు మిగుల్చుకోవాలంటే ఇద్రోఎలెక్త్రికా అనే విద్యుత్ కేంద్రం దాకా వ్యానులో ఆరేడు గంటలు వెళ్లి, అక్కడి నుంచి రైలు పట్టాల పక్కన పది పదకొండు కిలోమీటర్లు నడుస్తారు. కుర్రాళ్లకి సరే. పెద్దవాళ్లతో వద్దు, వానాకాలంలో ఎవరికీ వద్దు.

కింద ఊళ్లో ఒక రాత్రి పడుకోండి. కుస్కో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చంటారు, నిజమే, వెళ్లి రావచ్చు. తెల్లవారుజామున మూడింటికి లేచి అర్ధరాత్రి చేరి, మధ్యలో రెండున్నర గంటలు చూస్తారు.

ఇంకా ట్రైల్ నడవాలంటే?

ఇంకాల పాత కాలిబాట మీద మాచు పిచ్చుకి నాలుగు రోజుల నడక, 43 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. రెండో రోజు ఎక్కే వార్మివాన్యుస్కా కనుమ 4,215 మీటర్లు. సొంతంగా వెళ్లనివ్వరు, లైసెన్సు ఉన్న సంస్థతోనే వెళ్లాలి. రోజుకి 500 మందికే అనుమతి, అందులో సగానికి పైగా మోతగాళ్లు, గైడ్లు, వంటవాళ్లు. ఫిబ్రవరిలో దారి మూసేసి మరమ్మతులు చేస్తారు. నేను నడవలేదు కాబట్టి ఇంతకంటే చెప్పను. ఒక్క విన్నపం: సంస్థని ఎంచుకునేటప్పుడు మోతగాళ్లకి ఎంత బరువు ఎత్తుతారు, పడుకోవడానికి ఏమిస్తారు, కూలి ఎంత అని అడగండి. నసుగుతూ జవాబు చెప్పేవాళ్ల దగ్గర కొనకండి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. కానీ ఏముంటుందో చెప్పి తీసుకెళ్లండి. లోపల అన్నీ రాతి మెట్లే. ఎత్తు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. దారి ఒకే వైపు, వెనక్కి తిరిగి రానివ్వరు. ఊతకర్ర పెద్దవాళ్లకి ఒప్పుకుంటారు, దాని మొనకి రబ్బరు తొడుగు ఉండాలి. రెండో సర్క్యూట్ మొదట్లోనే పైకి ఎక్కే మెట్లు ఉన్నాయి. అమ్మ అక్కడ పది మెట్లకోసారి ఆగింది, వెనకవాళ్లు పక్కనుంచి వెళ్లారు, ఎవరూ విసుక్కోలేదు. మెట్లు బొత్తిగా ఎక్కలేనివాళ్లకి మూడో సర్క్యూట్ నయం.

లోపల మరుగుదొడ్లు లేవు. గేటు బయట రెండు సోల్‌లు ఇచ్చి వెళ్లి రావాలి. షుగరు ఉన్నవాళ్లకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి ఇది ముందే చెప్పండి.

వెంట ఏం ఉండాలి, ఏం ఉండకూడదు?

పాస్‌పోర్టు అసలుది, టోపీ, సన్‌స్క్రీన్, వాన కోటు, దోమల మందు, నింపుకునే నీళ్ల సీసా. గొడుగు, డ్రోన్, ట్రైపాడ్, సెల్ఫీ కర్ర, పెద్ద సంచీ, తిండి పొట్లాలు, వాడి పారేసే ప్లాస్టిక్ సీసా లోపలికి రానివ్వరు.

సున్నం లేకుండా, ఇనుము లేకుండా ఆ రాళ్లు ఎలా పేర్చారు?

ఇంకాల దగ్గర ఇనుము లేదు, బండి చక్రం లేదు, లిపి లేదు. ముడులు వేసిన తాళ్లతో లెక్కలు రాసుకునేవారు, వాటిని కిపు అంటారు. రాయిని అంతకంటే గట్టి రాతి గుండుతో కొట్టికొట్టి, పక్క రాతి మీద పెట్టి చూసి, మళ్లీ తీసి కొట్టి, అతికేదాకా చెక్కేవారు. గుళ్లకి, రాజు ఇంటికి మాత్రమే అంత నునుపు పని. పనివాళ్ల ఇళ్లకి మట్టి పెట్టి మామూలు రాళ్లే పేర్చారు. గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి, గుమ్మాలు కింద వెడల్పు, పైన ఇరుకు. భూకంపాలకి నిలబడింది ఈ పొందిక వల్లే. 1950లో కుస్కోలో భూకంపం వచ్చినప్పుడు స్పెయిన్ వాళ్లు కట్టిన మఠం బాగా దెబ్బతిని, దాని కింద కప్పబడిపోయిన కోరికాంచా సూర్యుడి గుడి గోడలు బయటపడ్డాయి.

అయితే రాళ్ల కంటే నీళ్ల పని గొప్పది. ఇది నాన్న చూపించేదాకా నాకు తట్టలేదు. అందరూ ఎదురుగా శిఖరాన్ని ఫోటో తీస్తుంటే ఆయన వంగి గోడ అడుగున చిన్న కంతల్ని చూస్తున్నారు. పిడికిలి పట్టేంత కంత, దాని కింద రాయి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంది, గోడ పాదం మీద నీళ్లు పడకుండా. "తూము ఇది. మనం సిమెంటుతో కట్టినవాటి కంటే శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ కొండ మీద ఏడాదికి రెండు మీటర్ల దాకా వాన పడుతుంది. మెట్ల పొలాల అడుగున పెద్ద రాళ్లు, దానిమీద కంకర, దానిమీద ఇసుక, అన్నిటికంటే పైన పొలం మట్టి. వాన నీరు ఇంకి, వడకట్టినట్టు దిగి, కాలవల్లోంచి బయటికి పోతుంది. ఊళ్లో అలాంటి తూములు వంద దాటి ఉన్నాయి. తాగునీటికి కొండ ఊట దగ్గర నుంచి 749 మీటర్ల రాతి కాలవ తవ్వి, ఒకదాని కింద ఒకటిగా పదహారు ధారల్లోకి వదిలారు. మొదటి ధార రాజు ఇంటి పక్కనే. కట్టడం పనిలో సగానికి పైగా నేల కిందే ఉందని ఇంజనీర్ల అంచనా. ఆ కింది పని లేకపోతే పై ఊరు ఎప్పుడో లోయలోకి జారిపోయేది.

ఇంతివతానా అనే చెక్కిన రాయి అంచు 2000లో ఒక ప్రకటన చిత్రీకరణలో క్రేన్ తగిలి విరిగింది. తాళ్లు కట్టి దూరంగా నిలబెడితే విసుక్కోకండి.

గైడ్ అవసరమా?

అవసరమే. లోపల వివరాల బోర్డులు దాదాపు ఉండవు. గేటు దగ్గర దొరుకుతారు, ఇంగ్లీషు వచ్చినవాళ్లే. మాట్లాడుకునే ముందే ఎంతసేపు, ఎంత డబ్బు అన్నది తేల్చుకోండి. గ్రహాంతరవాసులు కట్టారని మొదలుపెట్టే గైడ్ ఎదురైతే మర్యాదగా ఇంకొకరిని చూసుకోండి. ఆ మాట కట్టినవాళ్ల మనవలు, మునిమనవల ముందు అనడం నాకు బాధగా అనిపిస్తుంది.

మాచు పిచ్చు ఒక్కటేనా, ఇంకేమైనా చూడాలా?

చూడాలి. వాటికోసమే రోజులు ఎక్కువ పెట్టుకోమన్నది. కుస్కో టూరిస్టు టికెట్ 130 సోల్‌లకి కొంటే పది రోజుల్లో పదహారు చోట్లు చూడొచ్చు. మాచు పిచ్చు, కోరికాంచా అందులో రావు.

కుస్కో పైన సాక్సైవమాన్‌లో వంద టన్నులు దాటిన రాళ్లు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. 1536లో మాంకో ఇంకా అనే రాజు తిరగబడినప్పుడు ఆయన సేన కుస్కోలోని స్పెయిన్ వాళ్లని ముట్టడించింది ఇక్కడి నుంచే. పిసాక్‌లో కొండ చుట్టూ మెట్ల పొలాలు, ఎదుటి బండలో సమాధుల కంతలు. మొరాయ్‌లో గుండ్రటి మెట్లు బావిలా దిగుతాయి. దాని దగ్గరే మారాస్‌లో ఉప్పు మళ్లు ఉన్నాయి, ఇప్పటికీ ఊరి కుటుంబాలే ఉప్పు తీస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒయాంతైతాంబో. దాన్ని శిథిలం అనడానికి మనసొప్పదు. ఇంకాలు వేసిన వీధులు, గుమ్మాలు, వాటిలో ఇవాళ్టికీ జనం కాపురం ఉంటున్నారు. వీధి పక్క రాతి కాలవలో నీళ్లు గలగలా పారుతుంటాయి. పొద్దున్నే ఒకామె గిన్నె ముంచి గుమ్మం ముందు నీళ్లు చల్లింది, అమ్మ అక్కడే ఆగి చూసింది. ఊరి పైన గుడిలో ఆరు పెద్ద రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి. ఆ గులాబీ రంగు రాయిని నదికి అవతల కొండ మీద గని నుంచి దించి, నది దాటించి, మళ్లీ ఈ కొండ ఎక్కించారు. దారిలో వదిలేసినవి ఇంకా పడి ఉన్నాయి. వాటిని "అలసిపోయిన రాళ్లు" అంటారు. 1537లో రాజు మాంకో ఇంకా, స్పెయిన్ సేనాని ఎర్నాందో పిసార్రో సేనని ఓడించి తరిమింది ఈ మెట్ల మీద నుంచే.

శాకాహారులం. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కాస్త ఓపిక ఉంటే. "సోయ్ వెహెతారియానో, సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని చెప్పండి: శాకాహారిని, మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు. మాంసం వద్దంటే కోడి పెట్టవచ్చు, అందుకే అన్నీ విడివిడిగా చెప్పాలి. కూరగాయల సూప్ కూడా చాలాచోట్ల కోడి రసంతోనే కాస్తారు, అడిగి తాగండి. కూయ్ అని రాసి ఉంటే అది గినీ పిగ్.

బంగాళాదుంప పుట్టిల్లు ఆ కొండలే. వేల రకాలు ఉన్నాయి, ఊదా రంగువి, పసుపువి, వేళ్లలా సన్నగా ఉండేవి. ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న కండె, పక్కన జున్నులాంటి చీజ్ ముక్క వీధిలో అమ్ముతారు, మధ్యాహ్నానికి అది చాలు. మనం రోజూ తినే మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే, మన అనంతపురం వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. రొకోతో అనే గుండ్రటి మిరపకాయ చూడ్డానికి టమాటాలా ఉంటుంది, నల్లటి గింజలు ఉంటాయి. గుంటూరు అలవాటు ఉన్న నాన్న కూడా రెండో ముక్క ముట్టుకోలేదు. పచ్చడి సీసా, అటుకులు, మరమరాలు సూట్‌కేసులో వేసుకోవచ్చు. పచ్చి పండ్లు, విత్తనాలు మాత్రం కస్టమ్స్‌లో ఆపుతారు.

మాచు పిచ్చు టికెట్లు దొరకలేదు. ప్రయాణం మానుకోవాలా?

వద్దు. కాళ్లలో సత్తువ ఉంటే ఇంకాల మరో కొండ ఊరు చోకెకిరావ్ వెళ్లండి. అపూరిమాక్ నది లోయలోకి దాదాపు 1,500 మీటర్లు దిగి, మళ్లీ అంతే ఎక్కాలి. వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు. మెట్ల పొలాల గోడల్లో తెల్ల రాళ్లతో లామాల బొమ్మలు పొదిగారు. మాచు పిచ్చులో ఒక గంటలో కనిపించేంత మంది అక్కడ వారంలో కూడా కనిపించరు.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

నేత బట్ట. కుస్కో, పవిత్ర లోయల మధ్య చించేరో అనే ఊళ్లో ఆడవాళ్లు ఊలు వడకడం, రంగు అద్దడం, నేయడం చూపిస్తారు. మాకు చూపించినామె బ్రహ్మజెముడు మీద పెరిగే ఒక బూడిద రంగు పురుగుని అరచేతిలో వేసి వేలితో నలిపింది. చెయ్యి రక్తం పూసినట్టు ఎర్రబడింది. దానిమీద నిమ్మరసం రెండు చుక్కలు పిండితే నారింజ రంగుకి తిరిగింది. మగ్గం ఒక కొస గుంజకి, రెండో కొస తన నడుముకి కట్టుకుని కూర్చుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. బొమ్మ కాగితం ఏదీ లేదు, పోగుల లెక్క అంతా మనసులోనే.

అమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుంది, మోకాళ్లు నొప్పని చెప్పకుండా. భాష తెలియదు. అంచుని వేలితో తడిమి, ఇది ఎన్నాళ్లు అన్నట్టు చెయ్యి తిప్పి అడిగింది. ఆమె మూడు వేళ్లు చూపించి "సెమానాస్" అంది, అంటే మూడు వారాలు. అమ్మ బేరం ఆడలేదు.